వేసవికి ముందే లాన్ స్ప్రింక్లర్లలో లోపాలను ఎలా కనిపెట్టాలి?

ప్రశ్న: ఎండాడ వాసి

సభ్యులందరికీ నమస్కారం. విశాఖపట్నం ఎండాడలో కొండవాలున ఉన్న మా ఇంటి ముందు సుమారు 120 గజాల లాన్ ఉంది. నర్సరీవారు సెలక్షన్ వన్ అని చెప్పి ఇచ్చిన గరిక జాతి గడ్డి వేశాము. బోరు నీరు సంపులో పడుతుంది. సంపు నుంచి ప్రెషర్ పంపు ద్వారా ఆ నీరు రెండు జోన్లకు వెళుతుంది. ఒక్కొక్క జోనులో ఆరేసి పాప్-అప్ స్ప్రింక్లర్లు, అంటే నీరు వదిలినప్పుడు నేలలో నుంచి పైకి లేచేవి, ఉన్నాయి. ప్రహరీ వెంట ఉన్న నందివర్ధనం, మందార మొక్కలకు మూడవ జోనుగా డ్రిప్ లైను వేయించాము. మూడింటినీ గోడకు బిగించిన టైమరు నడుపుతుంది.

గత వేసవిలో లాన్ మధ్యలోను, ఈశాన్యపు మూలన గడ్డి పూర్తిగా ఎండిపోయింది. అదే సమయంలో పల్లం వైపు చివరన నేల ఎప్పుడూ తడిగా ఉండి, దోమలు చేరి, గడ్డి పసుపుబారింది. తోటమాలి సలహాపై నీరు పెట్టే సమయాన్ని పెంచుతూ పోయాము. కరెంటు బిల్లు పెరిగింది, సంపు త్వరగా ఖాళీ అయింది, కానీ ఎండిన చోట్లు ఎండినట్లే ఉన్నాయి. వానలు పడిన తరువాత గడ్డి తిరిగి చిగురించడంతో ఆ విషయాన్ని అంతటితో వదిలేశాము.

ఇప్పుడు ఫిబ్రవరి నెల కనుక ఎండలు ముదరకముందే, బోరులో నీటిమట్టం తగ్గకముందే ఈ వ్యవస్థను సరిచేయించాలని అనుకుంటున్నాను. దేనిని ముందుగా పరీక్షించాలి, ఏ లక్షణం ఏ లోపానికి సూచన, నేను స్వయంగా చేయగలిగిన పనులు ఏవి, మెకానిక్‌ను పిలవవలసినవి ఏవి అన్నది అనుభవం ఉన్నవారు వివరించగలరు. నాజిళ్ల చుట్టూ తెల్లటి పొర కూడా గట్టిగా పేరుకుపోయి ఉంది. అది ఎందువలన వస్తుందో కూడా తెలుసుకోవాలని ఉంది.

సమాధానం: ఆనందపురం నుంచి, డ్రిప్, స్ప్రింక్లర్ పనులు చేసేవాడిని

నమస్కారమండి. మీరు రాసిన వివరాలలోనే సగం జవాబు ఉంది. సమయం పెంచినా ఎండిన చోటు పచ్చబడలేదంటే, అక్కడికి నీరు చేరడం లేదన్నమాట. చేరని నీటిని ఎంతసేపు పెట్టినా ప్రయోజనం ఉండదు. చేరుతున్న చోట మాత్రం అది ఎక్కువై పల్లానికి జారి నిలుస్తుంది. అందువలన లోపం దొరికేవరకు టైమరులో నిమిషాలను ముట్టుకోవద్దని నా మనవి.

ఈ పనికి ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలు సరైన కాలం. మన ప్రాంతంలో వానలు చాలావరకు జూన్ నుంచి నవంబరు లోపలే పడిపోతాయి కనుక ఆ నెలల్లో స్ప్రింక్లర్లు పెద్దగా నడవవు. నడవని పైపుల్లో, ఫిల్టరులో బురద ఎండి గట్టిపడుతుంది, వాల్వు పెట్టెల్లో చీమలు గూళ్లు కడతాయి, గడ్డి పెరిగి పాప్-అప్ తలలను కప్పేస్తుంది. ఏప్రిల్‌లో గడ్డి ఎండిన తరువాత పరీక్షిస్తే లోపం తెలుస్తుంది గానీ, ఆ ఎండలో గడ్డి కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది.

మొదట పంపు ఆపి ఉంచి, ఫిల్టరు విప్పి చూడండి. లోపలి జాలిపై ఎర్రటి జిగురు ఉంటే బోరు నీటిలో ఇనుము ఉన్నట్లు, ఇసుక రేణువులు ఉంటే బోరు ఇసుక తోడుతున్నట్లు అర్థం చేసుకోవచ్చు. జాలి ఎక్కడైనా చిరిగి ఉంటే దానిని కడగడం వృథా, మార్చవలసిందే. చిరిగిన జాలి దాటిన ఇసుక నేరుగా వాల్వులలోకి, నాజిళ్లలోకి చేరుతుంది. తరువాత ప్రతి జోనులో చివరి స్ప్రింక్లరు నాజిల్ తీసి, కాసేపు నీరు వదిలి పైపును కడగండి. డ్రిప్ లైనుకు చివరన ఉన్న ఎండ్ క్యాప్ విప్పి అదే పని చేయండి. మొదట వచ్చే నీటిని తెల్లటి పళ్లెంలో పట్టి చూస్తే పైపులో ఏమి పేరుకుందో కళ్లకు కనబడుతుంది.

ఇక అసలైన పరీక్ష ఒక్కొక్క జోనును విడిగా నడిపి, పక్కన నిలబడి చూడడం. ఎక్కువమంది టైమరు తెల్లవారుజామున నడుస్తుందన్న నమ్మకంతో ఏడాది పొడవునా తమ స్ప్రింక్లర్లు ఎలా చిమ్ముతున్నాయో చూడరు. మీరు పగటివేళ, గాలి లేని సమయంలో ఆన్ చేసి, ఆరు తలలనూ ఒక్కొక్కటిగా గమనించండి. తల నిటారుగా ఉందా, ఒక పక్కకు ఒరిగిందా చూడండి. ఒరిగిన తల ఒకవైపు నేలను తవ్వుతుంది, మరొకవైపు గాలిలోకి చిమ్ముతుంది. నేలలో దిగబడిన తల తన చుట్టూ ఉన్న గడ్డికే నీరు కొట్టి ఆగిపోతుంది. పాప్-అప్ పూర్తిగా పైకి లేవకపోతే, లేదా ఆపిన తరువాత లోపలికి దిగకపోతే, పై మూత వద్ద ఉండే రబ్బరు సీలులో ఇసుక ఇరుక్కుని ఉంటుంది. తలను చేతితో పైకి లాగి, మంచినీటితో కడిగితే చాలాసార్లు సరిపోతుంది. జల్లులో ఒకవైపు ఖాళీ కనిపిస్తే నాజిల్ మూసుకుపోయినట్లు. దానిని సూదితో గుచ్చవద్దు, రంధ్రం పెద్దదై జల్లు ఆకారం చెడుతుంది. విప్పి, కింద ఉండే చిన్న జాలిని కూడా తీసి, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి.

తరువాత జల్లు తీరు చూడండి. నీరు పొగమంచులా సన్నని తుంపరగా మారి గాలిలో తేలిపోతుంటే ప్రెషర్ ఎక్కువైందని, బరువుగా దగ్గరలోనే వాలిపోతుంటే తక్కువైందని తెలుసుకోవాలి. మన ఇళ్లలో ప్రెషర్ తక్కువవడమే ఎక్కువగా చూస్తాను. ఈ చిన్న స్ప్రే నాజిళ్లు సరిగా పని చేయడానికి తల వద్ద చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోల ప్రెషర్ కావాలి. పది మీటర్ల ఎత్తున ఉన్న నీరు ఇచ్చే ప్రెషర్ 1 కిలో మాత్రమే. అంటే రెండంతస్తుల మేడపై ఉన్న ట్యాంకు నుంచి నేరుగా పైపు వేస్తే స్ప్రింక్లర్లు ఎప్పటికీ సరిగా చిమ్మవు. మీకు పంపు ఉంది కనుక ఆ సమస్య లేదు గానీ, పంపు తరువాత ఒక ప్రెషర్ గేజి బిగించుకోండి. ఖర్చు కొద్దిగానే అవుతుంది. ఈ రోజు జోను నడుస్తున్నప్పుడు ముల్లు ఎక్కడ ఉందో రాసి పెట్టుకుంటే, మే నెలలో అది తగ్గినప్పుడు ఫిల్టరు మూసుకుందో, పైపు ఎక్కడో పగిలిందో వెతకడానికి ఆధారం దొరుకుతుంది. రెండు జోన్లలో ఒకదానిలో మాత్రమే ప్రెషర్ తక్కువగా ఉంటే లోపం ఆ జోను పైపులోనో, వాల్వులోనో ఉంది. రెండింటిలోనూ తక్కువగా ఉంటే పంపు, ఫిల్టరు వైపు చూడాలి.

పల్లం వైపు తడికి రెండు కారణాలు ఉండవచ్చు, వాటిని వేరు చేయడం తేలికే. జోను ఆగిన తరువాత పైపులో మిగిలిన నీరంతా వాలుకు దిగి, అన్నిటికంటే కింద ఉన్న తల నుంచి కారుతుంది. ఇదే అయితే కాసేపటికి ఆగిపోతుంది. అడుగున చెక్ వాల్వు (మిగిలిన నీరు కారకుండా ఆపేది) ఉన్న పాప్-అప్ వేస్తే సమస్య తీరుతుంది. అలా కాక గంటల తరబడి కారుతూనే ఉంటే, ఆ జోను సోలెనాయిడ్ వాల్వు, అంటే టైమరు పంపే కరెంటుతో తెరుచుకునే వాల్వు, పూర్తిగా మూసుకోవడం లేదు. లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) కింద రాయి గానీ ఇసుక గానీ ఇరుక్కుని ఉంటుంది. మీ పంపు ప్రెషర్ తగ్గగానే తనంతట తాను ఆన్ అయ్యే రకమైతే, వాల్వు కారుతున్నప్పుడు అర్ధరాత్రి కూడా మధ్యమధ్య గుర్రుమని మోగి ఆగుతుంది. ఆ శబ్దం ఎప్పుడైనా విన్నారేమో గుర్తు చేసుకోండి.

చివరగా గిన్నెల పరీక్ష చేయండి. నిలువు అంచులున్న ఒకే కొలత డబ్బాలను, ఐస్‌క్రీమ్ డబ్బాలైనా సరే, జోను అంతటా సమ దూరాలలో పెట్టి 15 నిమిషాలు నడపండి. ఒక్కొక్క దానిలో నీటి లోతును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాయండి. ఎండిన చోట్ల పెట్టిన డబ్బాలను గుర్తు పెట్టుకోండి. ఆ అంకెలు ఇక్కడ రాస్తే మిగిలినది మాట్లాడుకుందాము.

సమాధానం: లాసన్స్ బే కాలనీ

తెల్ల పొర గురించి నాకు తెలిసినది చెబుతాను, ఎందుకంటే సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న మాకు ఏటా ఎదురయ్యే బాధ ఇదే. అది సాధారణంగా కఠిన జలంలోని సున్నం. నాజిళ్లను విప్పి తెల్ల వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టి, బ్రష్‌తో రుద్దితే పోతుంది. డ్రిప్ లైన్లకు రైతులు యాసిడ్ ఎక్కించి సున్నాన్ని కరిగిస్తారు గానీ, ఇంటి వద్ద పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే చోట ఆ పనిని తెలిసిన మనిషికే అప్పగించడం క్షేమం. యాసిడ్‌ను నీటిలో పోయాలే గానీ నీటిని యాసిడ్‌లో పోయకూడదన్నది కనీసపు జాగ్రత్త.

అయితే సున్నం కంటే ముఖ్యమైన ప్రశ్న, మీ బోరు నీటిలో ఉప్పు ఎంత ఉందన్నది. తీరం వెంట బోర్లను ఎక్కువగా తోడుతున్న కొద్దీ మంచినీటి మట్టం దిగి, సముద్రపు నీరు లోపలికి చొచ్చుకువస్తుంది. వేసవిలో ఇది మరింత తీవ్రమవుతుంది. గడ్డి కొనలు మాత్రమే కాలినట్లు మాడి, మొదలు పచ్చగా ఉంటే అది ఉప్పు లక్షణం కావచ్చు, కానీ మనం నీరు తక్కువైందని అనుకుని ఇంకా ఉప్పు నీరే పెడతాము. అందువలన ఇప్పుడు ఒక సీసాలో నీరు పట్టి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి, మే నెలలో మళ్లీ చేయించండి, రెండింటినీ పోల్చి చూడండి. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాగునీటి మార్గదర్శకాల ప్రకారం లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు కరిగిన లవణాలు ఉంటే ఇబ్బంది లేదు. 2,000 దాటితే తీవ్రమైన పరిమితులు పాటించాలి. గరిక ఉప్పును బాగా తట్టుకునే గడ్డి, అది మీకు అనుకూలమైన విషయం. మందారం అంతగా తట్టుకోలేదు కనుక ముందుగా దాని ఆకుల అంచులను గమనించండి.

ఉప్పు ఉన్న నీటిని ఎండలో ఎప్పుడూ చల్లవద్దు. ఆకు మీద చుక్క ఆవిరై ఉప్పు అక్కడే మిగిలి, ఆకును కాలుస్తుంది. రోజూ కొద్దికొద్దిగా తడపడం కంటే వారంలో తక్కువసార్లు లోతుగా పెట్టడమే మేలు. అలా చేస్తే ఉప్పు వేళ్ల కిందికి దిగిపోతుంది.

లోహపు భాగాలను కూడా చూసుకోవలసిందిగా కోరుతున్నాను. సముద్రపు గాలికి ఇనుప క్లాంపులు, జీఐ పైపు మరలు, టైమరు పెట్టె లోపలి టెర్మినళ్లు తుప్పు పడతాయి. మరమ్మతు చేయించేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులు, ప్లాస్టిక్ వాల్వులు అడిగి వేయించుకోండి. ఎండ పడే చోట బయటికి కనిపించే పీవీసీ పైపు పెళుసుబారుతుంది, దానికి రంగు వేయించడమో, మట్టిలో కప్పించడమో చేయాలి.

ఎండాడ వాసి

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. చెప్పినట్లే అన్నీ చేసి చూశాను.

ఫిల్టరులో ఇసుక చాలా ఉంది, జాలి మాత్రం చిరగలేదు. మొదటి జోనులో రెండు తలలు ఒరిగి ఉన్నాయి, ఈశాన్యపు మూల తల నేలలో రెండంగుళాలు దిగబడి గడ్డిలో దాగిపోయింది. ఆ తల ముందు ఒక గన్నేరు పొద అడ్డంగా పెరిగింది. పల్లం వైపు తల రాత్రి జోను ఆపిన తరువాత తెల్లవారే వరకు కారుతూనే ఉంది. పంపు రాత్రి మధ్యమధ్య మోగడం మా ఇంట్లో అందరికీ తెలుసు. అది కరెంటు హెచ్చుతగ్గుల వలన అని ఇంతవరకు అనుకుంటూ వచ్చాము.

మొదటి జోనులో 12 డబ్బాలు పెట్టి 15 నిమిషాలు నడిపాను. వచ్చిన లోతులు మిల్లీమీటర్లలో ఇవి: 14, 13, 12, 11, 10, 10, 9, 8, 7, 5, 4, 3. చివరి మూడూ మధ్యన, ఈశాన్యపు మూలన పెట్టినవే.

రెండవ జోనులో కొత్త సమస్య బయటపడింది. టైమరు నుంచి ఆన్ చేస్తే అది అసలు మొదలవడం లేదు. వాల్వు పైన ఉన్న సోలెనాయిడ్‌ను చేతితో కొద్దిగా తిప్పితే మాత్రం నీరు వస్తున్నది. దీని అర్థం ఏమిటి?

సమాధానం: గాజువాక, ఎలక్ట్రికల్ పని

చేతితో తిప్పితే నీరు వస్తున్నది కనుక పైపు, వాల్వు, డయాఫ్రమ్ బాగానే ఉన్నాయి. లోపం విద్యుత్తు వైపు ఉంది, అంటే టైమరు, తీగ, సోలెనాయిడ్ కాయిల్ ఈ మూడింటిలో ఒకటి. లోపం టైమరులో ఉందో లేదో మీటరు లేకుండానే తేల్చవచ్చు. ముందుగా టైమరు కరెంటు ప్లగ్గు తీసివేయండి. లోపల మొదటి జోను తీగను, రెండవ జోను తీగను ఒకదాని స్థానంలో మరొకటి మార్చి బిగించండి. అన్ని జోన్లకూ ఉమ్మడిగా ఉండే కామన్ తీగను కదపవద్దు. ఇప్పుడు టైమరులో మొదటి జోనును ఆన్ చేయండి. రెండవ జోను స్ప్రింక్లర్లు లేస్తే తీగ, కాయిల్ మంచివే. టైమరులో ఆ టెర్మినల్ చెడిపోయింది. లేవకపోతే లోపం తీగలోనో, కాయిల్‌లోనో ఉంది.

మల్టీమీటరు ఉంటే పని ఇంకా సులువు. వాల్వు పెట్టె వద్ద కాయిల్ రెండు తీగలను విడదీసి ఓమ్స్‌లో కొలవండి. 24 వోల్టుల ఏసీ సోలెనాయిడ్లు సాధారణంగా 20 నుంచి 60 ఓమ్స్ మధ్య చూపుతాయి. మీటరు అసలు కదలకపోతే కాయిల్ లోపల తీగ తెగింది. సున్నా దగ్గర చూపితే కాయిల్ షార్టు అయింది. రెండు సందర్భాలలోనూ కొత్త కాయిల్ వేస్తే చాలు, వాల్వు మొత్తం మార్చమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కాయిల్ సరిగా ఉంటే భూమిలోని తీగను అనుమానించాలి. మన వైపు పందికొక్కులు తీగలను కొరకడం సామాన్యం. దానికంటే సామాన్యమైనది, ఇన్సులేషన్ టేపు మాత్రమే చుట్టి వాల్వు పెట్టెలో వదిలేసిన అతుకులు. తడిలో రాగి పచ్చబడి, కరెంటు వెళ్లడం ఆగిపోతుంది. జెల్ నింపిన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లతో అతుకులు మళ్లీ వేయించండి.

పాత టైమర్లలో మరొక లోపం కూడా చూడాలి. లోపలి బ్యాకప్ బ్యాటరీ అయిపోయి ఉంటే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం తప్పుతుంది. కొన్ని రకాలలో మనం పెట్టిన ప్రోగ్రాము కూడా చెరిగిపోయి, తయారీదారు పెట్టినది మొదలవుతుంది. తెల్లవారుజామున నడవవలసిన నీరు మిట్టమధ్యాహ్నం నడిచే ఇళ్లు ఇందుకే కనిపిస్తాయి. ప్లగ్గు తీసి కాసేపటికి మళ్లీ పెట్టి, సమయం నిలిచిందో లేదో చూస్తే బ్యాటరీ సంగతి తెలిసిపోతుంది.

సమాధానం: ఎంవీపీ కాలనీ

చర్చను ఆసక్తితో చదివాను. పంపు రాత్రి మోగుతున్నదన్న మాట నన్ను కలవరపెట్టింది. నిమిషానికి ఒక లీటరు కారినా రోజుకు 1,440 లీటర్లు పోతాయి. వేసవిలో ఈ నగరంలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధులు ఉన్నాయి. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి జలాశయాలు నిండేది వానలతోనే. లాన్ పెంచుకునే మనవంటి వారు కారే వాల్వును ఒక్క వారం కూడా ఉపేక్షించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కనిపించని కారుడును పట్టుకోవడానికి నీటి మీటరు అక్కరలేదు. రాత్రి అందరూ పడుకున్నాక సంపులోకి వచ్చే బోరు లైను, మేడపైకి ఎక్కించే మోటారు రెండూ ఆపి, ఆ రాత్రి టైమరు నీరు పెట్టకుండా చూసి, సంపు గోడపై నీటి మట్టం వద్ద సుద్దతో గీత పెట్టండి. గీత కంటే మట్టం తగ్గిందేమో తెల్లవారి చూడండి. తరువాతి రాత్రి స్ప్రింక్లర్ లైనుకు వెళ్లే బాల్ వాల్వు కూడా మూసి అలాగే చూడండి. మొదటి రాత్రి తగ్గి, రెండవ రాత్రి తగ్గకపోతే ఆ నీరంతా లాన్ వైపే పోతున్నది. రెండు రాత్రులూ తగ్గితే సంపు అడుగునో, గోడలోనో పగులు ఉంది.

మునిసిపల్ కొళాయి నుంచి నేరుగా స్ప్రింక్లర్ లైనుకు కలిపి ఉన్నవారికి మరొక మాట. మనకు చాలా చోట్ల సరఫరా రోజంతా ఉండదు. సరఫరా ఆగిన వేళ గొట్టాలలో ప్రెషర్ పడిపోయి, నేలలో దిగి ఉన్న స్ప్రింక్లర్ తలల ద్వారా బురద నీరు, ఎరువు కలిసిన నీరు తాగునీటి లైనులోకి వెనక్కి లాగబడే ప్రమాదం ఉంది. లాన్ లైనును ఎప్పుడూ విడిగా సంపు నుంచో, ట్యాంకు నుంచో తీసుకోవాలి. ఎండాడ వాసిగారి ఏర్పాటు ఈ విషయంలో సరిగా ఉంది.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరులో చెట్లను నేలకూల్చిన తరువాత మా కాలనీలో చాలామంది ప్రహరీల వెంట మొక్కలు నాటారు. అవి ఇప్పుడు పెద్ద చెట్లయి, కొమ్మలు జల్లుకు అడ్డుపడుతున్నాయి, వేళ్లు పైపులను పైకి నెడుతున్నాయి. స్ప్రింక్లర్లు వేసిన నాటి తోట ఈ నాటి తోట కాదు. గన్నేరు పొద విషయంలో మీకు జరిగినది అదే. పొదను కత్తిరిస్తే మళ్లీ పెరుగుతుంది కనుక తలను పొదకు ముందుకు జరిపించడం శాశ్వతమైన మార్గం.

సమాధానం: ఆనందపురం నుంచి

అంకెలు ఇచ్చినందుకు సంతోషం. మీ 12 డబ్బాల సగటు 8.8 మిల్లీమీటర్లు. తక్కువ పడిన మూడింటి సగటు 4. అంటే నీరు బాగా తక్కువ పడుతున్న చోటుకు సగటులో 45 శాతమే చేరుతున్నది. స్ప్రే జోనులో ఇది 70 శాతానికి దగ్గరగా ఉండాలని మేము చూస్తాము. ఇప్పుడు సమయం పెంచితే ఏమవుతుందో లెక్కించి చూడండి: ఎండిన చోటుకు 8.8 మిల్లీమీటర్లు అందాలంటే 33 నిమిషాలు నడపాలి, అప్పటికి బాగా పడే చోట 31 మిల్లీమీటర్లు పడుతుంది. గత వేసవిలో మీ పల్లం బురద కావడానికి కారిన వాల్వు ఒక కారణమైతే, ఇది రెండవ కారణం.

పనుల వరుస ఇలా పెట్టుకోండి. మొదట వాల్వు. సంపు నుంచి వచ్చే బాల్ వాల్వు మూసి, ప్రెషర్ పోయేవరకు ఆగి, సోలెనాయిడ్ వాల్వు పై మూత మరలు విప్పండి. స్ప్రింగు, డయాఫ్రమ్ ఏ వైపు తిరిగి ఉన్నాయో ఫోనులో ఫోటో తీసుకోండి. డయాఫ్రమ్‌ను కడిగి, వెలుతురుకు ఎత్తి చూడండి. చిరుగు గానీ, అంచున గాటు గానీ ఉంటే మార్చాలి. అది కూర్చునే వలయాన్ని గుడ్డతో తుడవండి. మరలను ఎదురెదురు వరుసలో సమంగా బిగించండి. ఇది మీరే చేయగలిగిన పని. తరువాత ఒరిగిన రెండు తలలను చుట్టూ మట్టి తవ్వి నిటారుగా నిలిపి, మట్టిని నీటితో తడిపి గట్టిగా దిమ్మిస కొట్టండి. దిగబడిన తలకు కింద పొడిగింపు ముక్క వేసి, మూత నేలకు సమంగా ఉండేలా పైకి తేవాలి. దీనికి, తలను పొద ముందుకు జరపడానికి ప్లంబరును పిలవడం మంచిది. ఇంకా నేలలో ఉన్న పైపుకు తలను గట్టి పీవీసీ ముక్కతో కాక, వంగే గొట్టంతో కలపమని చెప్పండి. ఎవరైనా తొక్కినా, గడ్డి కోసే యంత్రం తగిలినా పైపు పగలదు.

ఇవన్నీ అయ్యాక అదే చోట్ల డబ్బాలు పెట్టి మళ్లీ కొలవండి. లాన్ మధ్యలో ఇంకా 5, 6 దగ్గరే ఉంటే తలల మధ్య దూరం సమస్య. ఒక తల నుంచి చిమ్మిన నీరు పక్క తల మొదలు వరకు చేరాలి. చేరకపోతే నాజిల్ సైజు మార్చాలి, లేదా మధ్యలో ఒక తల పెంచాలి. నాజిల్ మార్చేటప్పుడు ఒకే జోనులో స్ప్రే నాజిళ్లను, తిరిగే రోటర్లను కలపవద్దు. రోటరు గంటకు పెట్టే నీరు స్ప్రేలో మూడవ వంతే ఉంటుంది కనుక మళ్లీ ఎగుడుదిగుడు మొదలవుతుంది.

సమయం సంగతి అప్పుడు చూద్దాము. మీ జోను 15 నిమిషాలకు 8.8 మిల్లీమీటర్లు, అంటే గంటకు 35 మిల్లీమీటర్ల వేగంతో నీరు పెడుతున్నది. వాలుగా ఉన్న ఎర్రనేల అంత వేగంగా పీల్చుకోలేదు. ఒకేసారి 15 నిమిషాలు పెట్టక, ఐదు నిమిషాలు నడిపి, అరగంట ఆపి, మళ్లీ ఐదు నిమిషాలు, ఇలా మూడు విడతలుగా టైమరులో పెట్టండి. వేసవిలో వారానికి సుమారు 25 మిల్లీమీటర్లు లక్ష్యంగా పెట్టుకుని, వారంలో మూడు రోజులు ఇలా నడిపితే సరిపోతుంది. బాగా ఎండ కాసిన వారాలలో మరొక రోజు కలపండి. గడ్డి మీద నడిచిన అడుగుల గుర్తులు లేవకుండా అలాగే ఉండిపోతే, రంగు నీలం కలిసిన బూడిద వర్ణానికి మారితే దానికి దాహం వేసిందని తెలుసుకోవచ్చు. వేళ మాత్రం తెల్లవారుజామునే, నాలుగు నుంచి ఆరు గంటల లోపు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే జల్లు రోడ్డు మీదికే పోతుంది. సాయంత్రం పెడితే మన ఉక్కపోతలో రాత్రంతా తడిగా ఉండి గడ్డికి బూజు తెగుళ్లు వస్తాయి.

ఎండాడ వాసి

తీగలు మార్చి చూశాను, రెండవ జోను అప్పుడు కూడా లేవలేదు. కాయిల్ 38 ఓమ్స్ చూపింది. వాల్వు పెట్టెలోని అతుకు విప్పితే లోపల రాగి పూర్తిగా పచ్చబడి ఉంది. కత్తిరించి, జెల్ కనెక్టర్లు వేశాక జోను మొదలైంది. మొదటి జోను డయాఫ్రమ్ కింద చిన్న గులకరాయి దొరికింది. తీసి కడిగాక పంపు రాత్రిపూట మోగడం ఆగింది. తలల పనికి ప్లంబరు ఆదివారం వస్తానన్నారు. చివరి సందేహం ఒకటి ఉంది: మే నెలలో బోరు తగ్గితే ఈ ఏర్పాటులో ముందుగా ఏది దెబ్బతింటుంది?

సమాధానం: ఆనందపురం నుంచి

ముందుగా దెబ్బతినేది పంపు. మీ ఆరు తలలలో మూలల్లో ఉన్న నాలుగూ పావు వృత్తం, మధ్యన ఉన్న రెండూ అర వృత్తం చిమ్మేవైతే, జోనుకు నిమిషానికి సుమారు 28 లీటర్లు కావాలి. రెండు జోన్లూ కలిపి ఒక తడికి 850 లీటర్ల దాకా సంపు నుంచి పోతుంది. బోరు నుంచి సంపులో పడే గొట్టం కింద 20 లీటర్ల బకెట్టు పెట్టి, అది ఎన్ని నిమిషాలకు నిండుతుందో ఇప్పుడే కొలిచి రాసుకోండి. ఏప్రిల్ నుంచి పదిహేను రోజులకొకసారి మళ్లీ కొలవండి. సంపు నిండే వేగం తగ్గుతున్నట్లు కనబడితే, రెండు జోన్లనూ ఒకే రోజు కాక రోజు విడిచి రోజు నడిపేలా టైమరును మార్చండి. సంపులో నీరు అడుగంటితే పంపు గాలి లాగి, తలలు తుమ్మినట్లు ఆగి ఆగి చిమ్ముతాయి. ఆ స్థితిలో కొద్దిసేపు నడిచినా పంపు సీలు కాలిపోతుంది. సంపులో మట్టం తగ్గగానే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ లేకపోతే, ప్లంబరు వచ్చే ఆదివారమే అది కూడా బిగించుకోండి.